ట్రెక్కింగ్ బ్యాగు కొనేముందు బియ్యం పోసి చూడండి

ట్రెక్కింగ్ బ్యాగు కొనడానికి వెళ్తే ఇంట్లోంచి ఎనిమిది కిలోల బియ్యం రెండు సంచుల్లో కట్టుకుని తీసుకెళ్లండి. నిజంగానే చెప్తున్నాను. షాపతను ఒకలాగ చూస్తాడు, చూడనివ్వండి. ఖాళీ బ్యాగు భుజాన వేసుకుంటే ఏ బ్యాగైనా బాగానే ఉంటాది, అద్దంలో ఇంకా బాగుంటాది, దాని సంగతేటో బరువు పడ్డాకే తెలుస్తాది. మంచి కంపెనీల పెద్ద షాపుల్లో అయితే ఇసక సంచులో బరువు దిండ్లో వాళ్ల దగ్గరే ఉంటాయి, అడిగితే ఇస్తారు. లేనిచోట బియ్యం, అదీ కుదరకపోతే లీటరు నీళ్ల బాటిళ్లు ఎనిమిది, లీటరు నీళ్లు కిలో కాబట్టి లెక్క సులువు.

మాది పర్లాకిమిడి. గజపతి జిల్లా, ఒడిశా, కానీ ఇంట్లోనూ బజార్లోనూ తెలుగు బాగా నడుస్తాది. మాకు కొండంటే మహేంద్రగిరే, 1501 మీటర్లు, పైన కుంతి గుడి, భీముడి గుడి, ధర్మరాజు గుడి అని పాత రాతి గుళ్లు, శివరాత్రికి జనమే జనం. ఇంకా దూరం పోగలిగితే కోరాపుట్ వైపు దేవమాలి, 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైనది అదే. ఈ రెండిటికీ మా కుర్రాళ్లు కాలేజీ బ్యాగులు వేసుకుని వెళ్లిపోతారు, దిగొచ్చాక రెండ్రోజులు భుజాలకి జండూబామ్ రాసుకుంటారు, కొండ కష్టం అనుకుంటారు. సగం కష్టం కొండది కాదండీ, బ్యాగుది.

మా సంతలకి దిగే సవర ఆడవాళ్లని చూడండి, తల మీద కట్టెల మోపు పెట్టుకుని చేతులు వదిలేసి కొండ దారిలో నడిచొచ్చేస్తారు. బరువు తల మీంచి వెన్నెముక మీదుగా నేరుగా కాళ్లలోకి దిగిపోతాది, అటూ ఇటూ లాగదు. అదే మోపుని వీపు వెనక జానెడు దూరంలో వేలాడదీస్తే మనిషి ముందుకి వంగిపోవాల్సిందే. మంచి బ్యాగు డిజైన్ అంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాది, బరువు వీపుకి ఎంత దగ్గరగా ఉంది, భుజాల మీద కాకుండా తుంటి ఎముకల మీదకి ఎంత దిగింది. జేబులెన్ని, రంగేటి, వర్షం కవర్ ఫ్రీనా ఇవన్నీ తర్వాత సంగతి.

అందుకే ముందు మీ వీపు కొలత తెలియాలి. తల ముందుకి వంచితే మెడ వెనక కింద ఒక గుబ్బ ఎముక చేతికి తగుల్తాది చూడండి, అక్కడ మొదలు. రెండు చేతులూ నడుం మీద పెట్టి బొటనవేళ్లు వెనక్కి తిప్పితే ఆ వేళ్ల కింద తుంటి ఎముక పై అంచు తగుల్తాది, ఆ రెండు వేళ్లకీ మధ్య వెన్ను మీద ఒక గీత ఊహించుకోండి, అక్కడికి ఆఖరు. టైలర్ టేపుతో ఇంట్లో ఎవరిచేతైనా కొలిపించుకోండి, సొంతంగా కొలుచుకుంటే వంకర వస్తాది. పెద్దవాళ్లకి మామూలుగా 15 నుంచి 21 అంగుళాల మధ్య వస్తాది. దీనికీ మనిషి పొడుగుకీ సంబంధం ఉండాలనేం లేదు, మా బావ నాకన్నా మూడంగుళాలు పొడుగు కానీ ఆయన వీపు 17, నాది 18, ఆయన పొడుగంతా కాళ్లలోనే ఉంది. పొడుగు చూసి ఎల్ సైజు ఇచ్చేసే షాపుల్లో జాగ్రత్త. కొన్ని బ్యాగులకి భుజం బెల్టులు పైకీ కిందకీ జరుపుకునే ఏర్పాటు ఉంటాది, ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడేట్టయితే అలాంటిది తీసుకోండి, అయితే ఆ జరిపే వెల్క్రో గట్టిదా కాదా చూసుకోండి, బరువుతో జారిపోయే రకాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు బియ్యం పోసీయండి. అడుగున పడేస్తే తప్పు లెక్క వస్తాది, కింద ఒక దుప్పటి కుక్కి దాని మీద సంచులు వీపుకి ఆనేలా పెట్టి ముందు ఖాళీలో తువ్వాళ్లు కూరండి, కొండకి వెళ్లినప్పుడు కూడా సర్దే పద్ధతి ఇదే, పడుకునే బ్యాగు అడుగున, నీళ్లు, వంట సామాను లాంటి బరువువి మధ్యలో వీపు పక్కన, తేలికవి బయట వైపు. తర్వాత బెల్టులన్నీ వదులు చేసి బ్యాగు ఎత్తుకోండి. మొదట నడుం బెల్టు. దాని స్పాంజి మధ్య భాగం సరిగ్గా తుంటి ఎముక పై అంచు మీద కూర్చోవాలి, చాలామంది ప్యాంటు బెల్టులాగ పొట్ట మీద కట్టేసుకుంటారు, అలాగైతే ఊపిరి ఆడదు, బరువూ దిగదు. అది బిగించాక భుజం బెల్టులు లాగండి, తర్వాత భుజం మీద నుంచి బ్యాగు పై అంచుకి వెళ్లే చిన్న బెల్టులు ఉంటాయి కదా అవి, ఆఖర్న ఛాతీ మీద బెల్టు. ఆ చిన్న బెల్టులు పక్కనుంచి చూస్తే ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీలు ఉండాలి. అడ్డంగా పడుకుని ఉన్నాయంటే బ్యాగు మీ వీపుకి చిన్నది, అవి ఎంత లాగినా పనిచెయ్యవు.

ఇక్కడే అసలు పరీక్ష. నడుం బెల్టు బిగించి ఉంచి భుజం బెల్టులు రెండూ వదులు చేసీయండి, భుజానికీ బెల్టుకీ మధ్య వేళ్లు దూరేంత. బరువు తుంటి మీద నిలబడిందా, బ్యాగు మంచిది. బ్యాగు మొత్తం పిర్రల మీదకి జారిపోయిందా, ఆ నడుం బెల్టు పేరుకే ఉంది. చవక బ్యాగుల్లో నడుం బెల్టు అంటే మామూలు నవారు పట్టీకి ఒక క్లిప్పు, దానికి స్పాంజి ఉండదు, లోపల గట్టి షీటు ఉండదు, బ్యాగు ఫ్రేముకి దానికి సంబంధమే ఉండదు, అది బ్యాగు ఊగకుండా కట్టడానికి తప్ప బరువు మొయ్యడానికి కాదు. చిన్న 20 లీటర్ల బ్యాగుకి పర్వాలేదు, 50 లీటర్లదానికి అలాంటిది పెట్టి అమ్మడం మాత్రం నాకు కోపం తెప్పిస్తాది, కొనేవాడి నడుం గురించి ఎవరూ ఆలోచించలేదన్నమాట.

అలాగే వేసుకుని షాపులో పావుగంట తిరగండి, అరగంట అయితే ఇంకా మంచిది, మెట్లుంటే ఎక్కి దిగండి, వంగి షూ లేసు కట్టుకోండి, చేతులు పైకెత్తండి, తలెత్తి పైకి చూడండి, బ్యాగు పై మూత తలకి కొట్టుకోకూడదు. సైడు జేబులోని బాటిల్ బ్యాగు దించకుండా తీసి మళ్లీ పెట్టగలరా చూడండి. ఇది చిన్న విషయం అనిపిస్తాది గానీ కాదు, మా కొండల్లో మార్చి నెల నుంచే చెమటలు ధారలు, బాటిల్ అందకపోతే మనిషి బద్ధకించి నీళ్లు తాగడు, మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి. కొన్ని బ్యాగుల్లో సైడు జేబు బయటికి ఖాళీ ఉంటాది, లోపల నిండా సర్దేసరికి ఆ జేబు గుడ్డ బిగుసుకుపోయి బాటిల్ దూరదు, అందుకే ఇదీ నింపాకే చూడాలి.

ఫ్రేము సంగతి. వీపు వైపు అరచేత్తో నొక్కితే లోపల గట్టిగా ఏదో తగలాలి, ఒకటో రెండో అల్యూమినియం పట్టీలు, లేకపోతే ప్లాస్టిక్ షీటు, లేకపోతే చుట్టూ సన్నని కమ్మీ. బయట అల్యూమినియం ఫ్రేము, నడుం బెల్టు ఉన్న బ్యాగుల్ని 1950ల్లో అమెరికాలో డిక్ కెల్టీ అనే ఆయన జనానికి అలవాటు చేశాడు, బరువు నడుం మీదకి దించొచ్చని అందరికీ తెలిసింది అప్పుడే, తర్వాత 1967లో గ్రెగ్ లోవ్ ఫ్రేముని బ్యాగు లోపలికి తెచ్చాడు, ఇప్పుడు మనం కొనేవన్నీ దాదాపు ఆ రకమే. ఫ్రేము లోపలుంటే బ్యాగు ఒంటికి అతుక్కుని ఉంటాది, రాళ్ల మీద అడుగేసేటప్పుడు ఊగదు. పై అంచు ఒక చేత్తో, అడుగు ఇంకో చేత్తో పట్టుకుని మెలిపెట్టి చూడండి, కొంచెం తిరగాలి, మనిషి నడుస్తుంటే నడుం తిరుగుతాది కదా, కానీ పై నుంచి కిందకి నొక్కితే మాత్రం నలిగిపోకూడదు.

వీపు దగ్గర జాలీ ఉన్నదా, స్పాంజి ఉన్నదా అని కూడా చూడాలి. జాలీ రకంలో వీపుకీ బ్యాగుకీ మధ్య గాలి ఆడతాది, మనలాంటి ఉక్క ప్రాంతానికి హాయి, చొక్కా తడిసి ముద్దవ్వదు. కానీ జాలీ కోసం బ్యాగుని వెనక్కి వంచుతారు, అంటే బరువు ఆ మేరకి ఒంటికి దూరం జరిగినట్టే. కట్టెల మోపు సంగతి చెప్పాను కదా. మహేంద్రగిరి లాంటి నడక దారికి, ఏడెనిమిది కిలోల లోపు బరువుకి జాలీయే తీసుకోమంటాను. రాళ్లు చేత్తో పట్టుకుని ఎక్కే చోటికి, బరువు ఎక్కువైనా, స్పాంజి రకమే నయం, చెమట పడితే పడనీండి.

ఇప్పుడు కుట్లు. దీనికి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మాకు దెబ్బ తగిలింది ఇక్కడే. రెండేళ్ల కిందట మా బావ ఆన్‌లైన్లో ఒక 60 లీటర్ల బ్యాగు తెప్పించాడు, ఫొటోలో చూస్తే హిమాలయాలకే వెళ్లిపోవచ్చు అనిపించేలా ఉంది. మహేంద్రగిరి మీద రాత్రి ఉందామని టెంటు, బియ్యం, గిన్నెలు అన్నీ అందులోనే వేశాం. సగం ఎక్కేసరికి ఎడం భుజం బెల్టు పై నుంచి ఊడొచ్చేసింది. తువ్వాలు మెలిపెట్టి కట్టి, బరువు నలుగురం పంచుకుని ఎలాగో దిగాం, బావ భుజం మీద పడిన ఎర్ర గీత వారం ఉంది. తర్వాత మా బజార్లో బ్యాగులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే లోపలి లైనింగ్ విప్పి చూపించాడు. "బాబూ, బెల్టు తెగలేదు, గుడ్డా తెగలేదు, కుట్టుకి పట్టు లేదు, ఇంత బరువుకి ఒక్క వరస కుట్టేటి" అన్నాడు. గుడ్డ అంచుకి మరీ దగ్గరగా ఒక్క గీత కుట్టు వేసి వదిలేశారు, గుడ్డ పోగులు జారి కుట్టు మొత్తం బయటికి వచ్చేసింది. ఆయన లోపల నవారు ముక్క ఒకటి అదనంగా పెట్టి, చదరం కుట్టి దాని మధ్యలో ఇంటూ గుర్తు కుట్టి ఇచ్చాడు, ఇప్పటికీ అది కదల్లేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నదే మీకూ చెప్తున్నాను. బ్యాగుని లోపల వైపు నుంచి చూడండి, అందం బయట ఉంటాది, నిజం లోపల ఉంటాది. భుజం బెల్టులు బ్యాగుకి కలిసే చోట, నడుం బెల్టు కలిసే చోట, పైన ఎత్తుకునే పిడి దగ్గర, ఈ మూడు చోట్ల దగ్గర దగ్గరగా జిగ్‌జాగ్‌లాగ దట్టంగా వేసిన చిన్న కుట్టు కడ్డీలు కనబడాలి, లేదా ఆ చదరం-ఇంటూ కుట్టు. బెల్టు రెండు గుడ్డల మధ్య లోపలికి దూరి కుట్టబడి ఉండాలి, పైపైన అతికించినట్టు కాదు. లోపలి అంచులకి టేపు కుట్టి మూసేశారా, లేక పోగులు వేలాడుతున్నాయా. రెండు చేతుల్తో కుట్టుకి అటూ ఇటూ గుడ్డ పట్టుకుని గట్టిగా లాగండి, దారం మధ్య నుంచి వెలుగు కనబడితే పక్కన పెట్టేయండి. షాపతనికి కోపం వస్తే రానీండి, కొండ మధ్యలో ఊడితే వచ్చేవాడు ఆయన కాదు.

గుడ్డ మీద 210డి, 420డి, 600డి అని రాసుంటాది. డి అంటే డెనియర్, 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. నంబరు పెద్దదైతే పోగు లావు, అంతే, గట్టిదనం అదొక్కటే చెప్పదు, 420డి నైలాన్ చాలాసార్లు 600డి పాలిస్టర్‌ కన్నా ఎక్కువ కాలం వస్తాది. పాలిస్టర్ ఎండకి కొంచెం బాగా ఓర్చుకుంటాది, నైలాన్ రాపిడికి. నా లెక్కలో అడుగు భాగం లావు గుడ్డ, పైన అంతా పల్చ గుడ్డ ఉన్న బ్యాగు ఆలోచించి చేసినది, ఎందుకంటే కింద పెట్టి ఈడ్చేది అడుగే కదా. చిన్న చిన్న గళ్లు కనబడే గుడ్డ అయితే చిరుగు పడినా అక్కడితో ఆగుతాది.

జిప్పుల దగ్గర రన్నర్‌ని మూల మలుపుల్లో నడిపి చూడండి, నేరుగా ఉన్నచోట ఏ జిప్పైనా జారుతాది. మూలలో ఒక చేత్తో లాగితే రావాలి, లోపలి గుడ్డ పళ్లలో ఇరుక్కోకూడదు. జిప్పు మీద 5, 8, 10 అని నంబర్లు ఉంటాయి, సుమారుగా మూసిన పళ్ల వెడల్పు మిల్లీమీటర్లలో, పెద్ద గదికి 8 గానీ 10 గానీ ఉంటే నమ్మకం. వైకేకే అని ఉంటే మంచిదే, అది పాత జపాన్ కంపెనీ, అయితే అచ్చు నకిలీలు కూడా తిరుగుతున్నాయి కాబట్టి పేరు చూసి ఆగిపోకండి. క్లిప్పులు పదిసార్లు పెట్టి తీయండి, టక్ మని గట్టిగా చప్పుడు రావాలి. బియ్యం ఉన్న బ్యాగుని ఎత్తుకున్నాక భుజం బెల్టు మీద పెన్నుతో ఒక చిన్న చుక్క పెట్టి (షాపులో వద్దు, ఇంటికి తెచ్చాక) గంట నడిచి చూడండి, చుక్క జరిగిందంటే క్లిప్పు నవారుని పట్టడం లేదు, అలాంటి బ్యాగుతో ప్రతి పావుగంటకీ బిగించుకుంటూ నడవాలి, ప్రాణం విసుగొస్తాది.

వర్షం గురించి మా వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా కొండల్ని ఎలా ముంచిందో చూశాం, అంత కాకపోయినా జూన్ నుంచి అక్టోబర్ దాకా కొండమీద ఎప్పుడు కురుస్తాదో తెలీదు. బ్యాగుతో వచ్చే వర్షం కవర్‌ మీద పూర్తిగా ఆధారపడకండి, అది బయట వైపే కప్పుతాది, వీపు వైపు కారిన నీళ్లు స్పాంజి పీల్చుకుని లోపలికి పంపిస్తాది, పెద్ద గాలికి కవర్ ఎగిరిపోతాది కూడా. బజార్లో కిలో లెక్కన అమ్మే మందపాటి పాలిథిన్ కవర్ ఒకటి కొని బ్యాగు లోపల పరిచి దాన్లో సామాను పెట్టి మూతి మెలితిప్పి కట్టేయండి, ఇంతకు మించిన వాటర్‌ప్రూఫ్ నేను చూడలేదు.

తాడు కట్టుకుని ఎక్కే క్లైంబింగ్‌కి అయితే లెక్క మారుతాది. డార్జిలింగ్‌లో 1954లో మొదలైన హిమాలయన్ మౌంటనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కో, ఉత్తరకాశిలో 1965లో పెట్టిన నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌కో కోర్సుకి వెళ్దామనుకునే పిల్లలు మా ఊళ్లో కూడా ఉన్నారు, వాళ్ల కోసం. క్లైంబింగ్ బ్యాగు సన్నగా పొడుగ్గా, భుజాల వెడల్పు దాటకుండా ఉండాలి, పక్క జేబులూ జాలీలూ రాళ్లకి పట్టుకుంటాయి కాబట్టి నున్నగా ఉంటే మేలు. హెల్మెట్ పెట్టుకుని తలెత్తి చూడాలి, పై మూత అడ్డం రాకూడదు, అందుకే మూత ఊడదీసుకునే రకం మంచిది. నడుం బెల్టు హార్నెస్ (తాడు తగిలించుకోడానికి నడుంకీ తొడలకీ వేసుకునే పట్టీలు) మీద పడి దానికి వేలాడే సామాను మొత్తం కప్పేస్తాది, కాబట్టి నడుం బెల్టు కూడా తీసేసుకోగలగాలి, కనీసం వెనక్కి మడిచి కట్టగలగాలి. మూత కింద తాడు పెట్టుకునే బెల్టు, మంచు గొడ్డలి తగిలించే ఉచ్చులు, పైకి లాగడానికి గట్టి పిడి ఉండాలి, ఆ పిడికి బ్యాగంతా వేలాడదీసి ఊపి చూడండి. ఇవేవీ మహేంద్రగిరికి అక్కర్లేదు, రంగు తాళ్లు వేలాడుతున్నాయని నడక కోసం క్లైంబింగ్ బ్యాగు కొనకండి, గాలి ఆడదు, ఒక్క జేబు ఉండదు.

సైజు మాట తొందరగా చెప్పేస్తాను. పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేదానికి 20 నుంచి 30 లీటర్లు, ఒకటి రెండు రాత్రులకి 40, 50, అంతకు మించితేనే 60. పెద్దది కొంటే ఖాళీ ఉంచలేం, ఏదో ఒకటి కుక్కుతాం. రాత్రి ఉండేదానికైనా మొత్తం బరువు మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటనివ్వకండి, 60 కిలోల మనిషి 12 కిలోలు. అందులో ఖాళీ బ్యాగే రెండు కిలోలు తింటే ఇంకేం మిగుల్తాది చెప్పండి, కాబట్టి బ్యాగు బరువు ట్యాగు మీద చూడండి. ఆడవాళ్లకి వేరేగా చేసిన బ్యాగులు ఉంటాయి, రంగులో తేడా ఒక్కటే కాదు, భుజం బెల్టులు దగ్గరగా, వంపు తిరిగి ఉంటాయి, నడుం బెల్టు తుంటి ఆకారానికి ఏటవాలుగా ఉంటాది. మా చెల్లికి మామూలు బ్యాగు బెల్టు చంక కింద ఒరుసుకుని పుండు పడేది, అలాంటిది మార్చాక ఆ బాధ లేదు. సన్నటి భుజాలున్న మగపిల్లలకి కూడా అవి సరిపోతాయి, మొహమాటపడకుండా వేసుకుని చూడమనండి.

మా ఊళ్లో ఇలాంటి బ్యాగులు నాలుగు రకాలు పెట్టే షాపు లేదు, బరంపురమో వైజాగో భువనేశ్వరో వెళ్లాలి, అందుకని చాలామంది ఆన్‌లైన్లో తెప్పిస్తారు. తెప్పించండి, కానీ ట్యాగులు కత్తిరించకండి, రిటర్న్ గడువు ఎన్ని రోజులో ముందే చూసుకుని వచ్చిన రోజే బియ్యం పోసి పైన చెప్పినవన్నీ ఇంట్లోనే చెయ్యండి, ముందు మేడ మెట్లు పది సార్లు ఎక్కి దిగండి, బాగుంటేనే మహేంద్రతనయ నది గట్టు మీద గంట నడవండి. మెట్ల దగ్గరే భుజం మీద నొప్పి మొదలైందంటే పంపించేయండి, "వాడగా వాడగా సర్దుకుంటాది" అని ఎవరైనా అంటే వినకండి, తోలు చెప్పులు సర్దుకుంటాయి గానీ పొట్టి ఫ్రేము పొడుగవ్వదు.

కొండ నుంచి వచ్చాక బ్యాగుని తడిగా అటక మీద పడేస్తే ఎంత మంచి బ్యాగైనా రెండు మూడు వానాకాలాల్లో పోతాది. గుడ్డ లోపల వైపు నీళ్లు దిగకుండా పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) పూత ఉంటాది, తేమకీ వేడికీ అది జిగురుగా మారి, తెల్ల పొట్టులాగ రాలిపోతాది, ఒకలాంటి పుల్లటి వాసన వస్తాది, ఆ తర్వాత దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు ముందు లోపల చెయ్యి పెట్టి ఈ జిగురు ఉందేమో తడిమి చూడాలి. మామూలు నీళ్లు, కొంచెం సబ్బుతో చేత్తో కడిగి, జిప్పులన్నీ తెరిచి నీడలో తలకిందులుగా ఆరేయండి, వాషింగ్ మెషీన్ వద్దు. బాగా ఆరాక గాలి తగిలే చోట మేకుకి తగిలించండి, అంతకన్నా ముందు పై జేబులో అటుకులు, బెల్లం ముక్కలు మిగిలాయేమో దులిపి చూడండి, వాటి కోసం మా ఇంట్లో ఎలకలు ఒకసారి జిప్పు పక్కన గుడ్డంతా కొరికేశాయి.